పచ్చివే కావాలి

హైదరాబాదులో మేకపాలకి ఒక సీజన్ ఉంది. ఆగస్టు చివర్లో మొదలై దసరా దాటేదాకా నడుస్తుంది. డెంగీ జ్వరాల కాలం అది. మిగతా ఏడాదంతా వాసనొస్తాయని ముక్కు మూసుకునేవాళ్లు కూడా ఆ రోజుల్లో అర లీటరుకి ఎంతడిగినా ఇస్తామంటారు. మా అత్త వాళ్లకి ఊళ్లో మేకలున్నాయని, నేను నెలకి రెండుసార్లు అక్కడికి వెళ్లొస్తానని ఆఫీసులోనూ అపార్ట్‌మెంట్‌లోనూ తెలిసిపోయినప్పటి నుంచి నా ఫోన్‌కి మెసేజీలు మొదలయ్యాయి. "బ్రో, మేకపాలు దొరుకుతాయా? నాన్నకి ప్లేట్‌లెట్లు నలభై వేలకి పడిపోయాయి." దాని కిందే ఇంకొకటి: "కాచొద్దని చెప్పు. పచ్చివే కావాలి. కాస్తే పవర్ పోతుందట."

మొదటి మెసేజ్‌కి జవాబు సులువు. మేకపాలు ప్లేట్‌లెట్లని పెంచుతాయనడానికి నమ్మదగిన ఆధారం లేదు. డెంగీలో ప్రమాదపు రోజులు దాటాక అవి వాటంతటవే పెరుగుతాయి, మేకపాలు తాగినా తాగకపోయినా. ఆ మూడు నాలుగు రోజుల్లో కావలసింది ఒంట్లో నీరు తగ్గకుండా చూసుకోవడం, డాక్టరు కనిపెట్టి ఉండటం. కానీ తండ్రి ఆస్పత్రి మంచం మీద ఉన్నవాడికి ఇదంతా చెప్తే వాదనలా వినిపిస్తుంది. అతనికి ఏదో ఒకటి చెయ్యాలని ఉంటుంది. ఆ తపన నాకర్థమవుతుంది.

నన్ను ఇబ్బంది పెట్టేది రెండో మెసేజ్. 'పచ్చివే' అన్న మాట ఎక్కణ్నించి వచ్చింది? మా అత్త నోట నేనెప్పుడూ వినలేదు. మేకలు కాచేవాళ్లెవరూ తమ ఇంట్లో జ్వరంతో పడుకున్న మనిషికి పచ్చిపాలు పట్టడం నేను చూళ్లేదు. అది పాలు పితకడం ఎప్పుడూ చూడని నగరం కనిపెట్టుకున్న మాట అని నా అనుమానం.

అత్తది నాగర్‌కర్నూల్ జిల్లాలో చిన్న ఊరు. 2020 లాక్‌డౌన్‌లో ఆరు నెలలు నేనక్కడే ఉండి పనిచేశాను. పొద్దున స్టాండప్ కాల్‌కి ముందు పాలు పితకడం నా వంతయింది. పదకొండు మేకలు, అందులో ఏ రోజైనా పాలిచ్చేవి మూడో నాలుగో. నిజానికి మా వైపు మేకని పాల కోసం పెంచరు. పోతుపిల్లల్ని అమ్ముకోవడానికి పెంచుతారు. పాలు పైన వచ్చేవి. నాటు మేక పూటకి పావు లీటరు ఇస్తే గొప్ప. ఆవుకి నాలుగు చన్నులు, మేకకి రెండే. అత్త మొదటిరోజే లెక్క చెప్పింది: ఒక్క పిల్ల ఉంటే ఒక చన్ను పిల్లది, ఒకటి మనది. కవల పిల్లలుంటే మొదటి నెల మనకేమీ లేదు. ముర్రుపాల జోలికి ఎట్టి పరిస్థితుల్లోనూ పోకూడదు.

పని చిన్నదే గానీ క్రమం ఉంది. ముందు చేతులు కడుక్కోవాలి. గోరువెచ్చటి నీళ్లలో ముంచి పిండిన గుడ్డతో పొదుగు తుడవాలి, తర్వాత తడి లేకుండా ఇంకో పొడిగుడ్డతో. అప్పుడు పిల్లని వదిలితే అది నాలుగుసార్లు పొదుగుని కుమ్ముతుంది, మేక చేపుతుంది. 'చేపడం' అనే మాట నేనక్కడే నేర్చుకున్నాను. పిల్ల నోరు తగిలాక తల్లి పాలు వదలడం అది. ఆ పని చేసే హార్మోన్ ఆక్సిటోసిన్. దాని ప్రభావం కొన్ని నిమిషాలే, ఆలోపే పితకడం అయిపోవాలి. మేక బెదిరితే చేపు ఆగిపోతుంది. నా ఫోన్ రింగైనప్పుడల్లా ఆగిపోయేది.

"గుంజొద్దు అల్లుడా, దానికి నొస్తది. పైన బిగవట్టి కిందికి పిండాలె." బొటనవేలు, చూపుడువేలు కలిపి చన్ను మొదట్లో బిగిస్తే పాలు పైకి పోకుండా ఆగుతాయి. తర్వాత మిగతా వేళ్లు ఒకదాని తర్వాత ఒకటి మూయాలి. చెయ్యి కిందికి జరగకూడదు. మొదటి రెండు ధారలు గిన్నెలోకి కాదు, నల్లగుడ్డ మీదకి. గడ్డలున్నాయా, నీళ్లలా ఉన్నాయా, నెత్తుటి జీర ఉందా అని చూడాలి. ఉంటే పొదుగువాపు, ఆ పూట పాలు పారబోయడమే. సూదిమందు వేయించిన మేక పాలు కూడా పశువుల డాక్టరు చెప్పినన్ని రోజులు వాడకూడదు. అంతా అయ్యాక ముందు పచ్చి ఆకు వేసి మేకని కాసేపు నిలబెట్టాలి. పితికిన వెంటనే చన్ను రంధ్రం పూర్తిగా మూసుకోదు, అది ఆ క్షణాన పేడలో పడుకుంటే రోగం లోపలికి పోతుంది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, పాలు ఎక్కణ్నించి వస్తాయో దగ్గరగా చూసినవాళ్లకి అవి 'స్వచ్ఛం' అనే భ్రమ కలగదు. వెంట్రుకలు, పెంటికలు, దుమ్ము, ఈగలు, అన్నిటికీ జానెడు దూరంలో ఆ ధార పడుతుంటుంది. మేక కాలు ఒక్కసారి గిన్నెలో పడితే చాలు.

వాసన సంగతి కూడా పితికాక చేసే పనుల మీదే చాలావరకు ఆధారపడుతుంది. మేకపాల కొవ్వులో కాప్రోయిక్, కాప్రిలిక్, కాప్రిక్ అని మూడు ఆమ్లాలుంటాయి. మూడు పేర్లూ లాటిన్‌లో మేకని చెప్పే మాట నుంచే పుట్టాయి. పాలు ఎక్కువ కుదిపినా, చల్లబరచకుండా ఉంచినా కొవ్వు చెదిరి, పాలలోనే ఉన్న ఎంజైము ఆ ఆమ్లాల్ని విడదీస్తుంది. ఆ కంపు అప్పుడు మొదలవుతుంది. పాలిచ్చే మేకల్ని పోతుకి దూరంగా కట్టి, పాలు వెంటనే వడగట్టి, చల్లటి నీళ్ల బకెట్‌లో గిన్నె పెడితే వాసన పెద్దగా ఉండదు. చల్లబరచడంలో ఇంకో లెక్క ఉంది. వెచ్చటి పాలలో కొన్ని బాక్టీరియా ఇరవై నిమిషాలకోసారి రెట్టింపు కాగలవు. గంటకి ఎనిమిది రెట్లు, రెండు గంటలకి అరవై నాలుగు, నాలుగు గంటలకి నాలుగు వేల పైచిలుకు. మా ఊరి నుంచి హైదరాబాదుకి బస్సులో, ప్లాస్టిక్ బాటిల్‌లో, కాయకుండా పాలు తెమ్మని అడుగుతున్నవాళ్లు నిజానికి ఆ నాలుగు గంటల్ని తెమ్మంటున్నారు.

2021లో మా మామకి జ్వరమొచ్చింది. సాయంత్రానికి పెరిగి, రాత్రి ఒళ్లంతా చెమట పట్టి, పొద్దునకి తగ్గేది. వారం రోజులు బాగుండి మళ్లీ వచ్చేది. నడుమునొప్పి, కీళ్లనొప్పులు. ఒకచోట టైఫాయిడ్ అన్నారు, మందులు వాడారు. ఇంకోచోట టీబీ ఏమోనన్నారు. మూడు నెలలు గడిచాయి, మనిషి సగమయ్యాడు. నాలుగోచోట ఒక డాక్టరు, "ఇంట్ల జీవాలున్నయా?" అని అడిగాడు. అంతవరకు ఎవరూ అడగని ప్రశ్న అది. రక్తపరీక్షలో బ్రూసెల్లా తేలింది. రెండు రకాల యాంటీబయాటిక్స్ ఆరు వారాలు వాడితే తగ్గింది.

జ్వరానికి కొన్ని వారాల ముందు ఒక మేక ఈసుకుపోయింది. నెలలు నిండని ఆ పిల్లని మామ వట్టి చేతులతోనే తీశాడు. ఇంట్లో పాలు కాచేవాళ్లే గానీ, మేత దగ్గర దాహమైతే నేరుగా నోట్లోకి పితుక్కోవడం ఆయనకి చిన్నప్పటి అలవాటు. రెండు దార్లలో ఏది అన్నది ఎవరూ తేల్చలేరు. మేకలకి పరీక్ష చేయిస్తే రెండింటికి ఉందన్నారు. రెండూ చూడ్డానికి నిగనిగలాడుతున్నాయి, మందలో బాగా పాలిచ్చేవి కూడా అవే. ఎవరికైనా చెప్పకుండా అమ్మితే మంచి ధర వచ్చేది. అత్త అమ్మలేదు. పశువుల డాక్టరు చెప్పినట్టే వాటిని తీసేయించి, రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. కేంద్రం 2019లో మొదలుపెట్టిన పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమంలో బ్రూసెల్లా టీకా నాలుగు నుంచి ఎనిమిది నెలల ఆవు, గేదె పెయ్యదూడలకి వేస్తారు. మేకలు ఆ లెక్కలోకి రాలేదు.

ఈ జబ్బుకి పాత పేరు మాల్టా జ్వరం. మధ్యధరా సముద్రంలో మాల్టా దీవిలో బ్రిటిష్ సైనికులు ఏళ్లతరబడి దీంతో తీసుకున్నారు. 1887లో డేవిడ్ బ్రూస్ ఆ క్రిమిని కనుక్కున్నాడు. కానీ అది మనుషులకి ఎలా వస్తోందో పద్దెనిమిదేళ్లు తెలియలేదు. 1905లో థెమిస్టోక్లెస్ జమ్మిట్ అనే మాల్టా డాక్టరు మేకల రక్తం పరీక్షించి, జబ్బు లక్షణాలేవీ కనబడని మేకల్లో ఆ క్రిమి ఉందని, పాలలోకి వస్తోందని తేల్చాడు. 1906లో సైనికులకి మేకపాలు ఆపేశారు, కేసులు ఒక్కసారిగా పడిపోయాయి.

ఈ కథలో నన్ను ఆపేసిన వివరం వేరే ఉంది. ఆ రోజుల్లో మాల్టాలో మేకల్ని వీధుల్లోకి తోలుకొచ్చి, ఇంటి గుమ్మం ముందే పితికి పోసేవాళ్లు. కళ్లముందే పితికితే నీళ్లు కలపరు కదా! కొనేవాళ్లకి అంతకంటే నమ్మకమేం కావాలి? ఇవాళ ఫామ్ నుంచి నేరుగా పచ్చిపాలు అమ్మేవాళ్లు పెట్టే వీడియోల్లో ఉన్నది కూడా ఆ నమ్మకమే. కళ్లముందు పితకడం కల్తీ లేదని చెప్తుంది, అంతే. జబ్బు లేదని చెప్పదు.

నేను పుస్తకాల మీద అప్పుడప్పుడు రాస్తుంటాను కాబట్టి ఇంకో మాట. మన పల్లె జ్ఞాపకాల రచనల్లో పొదుగు దగ్గరి గోరువెచ్చటి నురగపాలు ఒక అరిగిపోయిన దృశ్యం. తాగేవాడు ఎప్పుడూ పిల్లాడే, పితికే మనిషి చేతులు మాత్రం కనబడవు. మేకల గురించి నాకు నచ్చిన రెండు నవలల్లో అలా ఉండదు. పెరుమాళ్ మురుగన్ 'పూనాచ్చి'లో ముసలామె ఆ బక్క మేకపిల్లకి పాలు పట్టడానికి పడే పాట్లే మొదటి పేజీల్ని నడిపిస్తాయి. బషీర్ 1959లో రాసిన 'పాత్తుమ్మాయుడె ఆడు'లో మేక రచయిత పుస్తకాల్నే నమిలేస్తుంది, దాని పాలు ఇంట్లోవాళ్ల మధ్య లంచంగా, దొంగ సొత్తుగా తిరుగుతాయి. ఆ రెండుచోట్లా పాలు ఎవరో ఒకరి వంతులోంచి తీసినవే. డెంగీ సీజన్‌లో ధర పెరిగినప్పుడు మా ఊళ్లోనూ అదే జరుగుతుంది. పిల్ల వంతు చన్ను కూడా పితికేస్తారు. ఆ అక్టోబరులో దొడ్ల చుట్టూ డొక్కలు లోపలికి పోయిన మేకపిల్లలు కనబడతాయి.

పోయిన ఏడాది ఒక స్నేహితుడు డెంగీ కోసం కాదు, ఏడు నెలల పాప కోసం అడిగాడు. ఆవుపాల పొడి పడక ఒంటినిండా దద్దుర్లు. మేకపాలైతే పడతాయని ఇంట్లో పెద్దవాళ్ల ఒత్తిడి. ఇక్కడ నేను తడబడ్డాను. పుస్తకాల్లో ఉన్నది స్పష్టంగానే ఉంది. ఆవుపాల ప్రోటీన్ పడని పిల్లల్లో చాలామందికి మేకపాలూ పడవు, రెండింటి ప్రోటీన్లు అంత దగ్గరివి. మేకపాలలో ఫోలేట్ బాగా తక్కువ, వాటి మీదే పెంచిన పసిపిల్లలకి రక్తహీనత వచ్చిన సంగతి వైద్యులకి వందేళ్లుగా తెలుసు. ఏడాది లోపు పిల్లలకి తల్లిపాల బదులు ఏ పశువు పాలూ పట్టొద్దంటారు. కానీ మా ఊళ్లోనే, తల్లి పోయిన పక్కింటి పిల్లాణ్ని మా నాయనమ్మ మేకపాలతో సాకింది. ఆయనకిప్పుడు యాభై దాటాయి, ట్రాక్టరు నడుపుతాడు.

అత్తనే అడిగాను. ఆమె ఆకు కోస్తూ అంది: "బతికినోడు కండ్ల ముంగట తిరుగుతడు అల్లుడా. బతకనోళ్ల లెక్క ఎవలు వెట్టిర్రు? ఆ పోరనికి గూడ మా అమ్మ నీళ్లు కలిపి, మసలవెట్టి, సల్లార్చి పోసింది. అప్పుడు ఇంకేం లేకుండె. గిప్పుడు వీళ్లకు దవఖాన లేదా?"

స్నేహితుడికి ఆ మాటే కొంచెం మెత్తగా చెప్పాను. పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లారు, అలర్జీ ఉన్న పిల్లల కోసం చేసిన పొడి రాశారు. ఖరీదైనది. పాప బాగుంది.

ఇప్పుడు డెంగీ మెసేజీలకి నా జవాబు ఒక్కటే. ఊరి నుంచి పచ్చిపాలు తేను. అత్త పొద్దున్నే పొంగు వచ్చాక కూడా కాసేపు మసలనిచ్చి, చల్లార్చి, ఐస్ డబ్బాలో పెట్టి ఇస్తే, పిల్లల వంతు పోను మిగిలినవే తెస్తాను. ఇది మందు కాదు, పాలు మాత్రమే అని కూడా చెప్తాను. సగంమంది అక్కర్లేదంటారు. మిగతా సగం తీసుకుని, టీ పెట్టుకున్నాం, వాసనే లేదు అని ఆశ్చర్యపోతారు.

మామ ఇప్పుడు పాలు ముట్టడు, టీలో కూడా వద్దంటాడు. మేకల్ని మాత్రం వదల్లేదు. మేక ఈనే రోజు గ్లౌజులు వేసుకుంటాడు. వేసవిలో నల్లతుమ్మ కాయలు రాలే కాలంలో సంచి పట్టుకుని కాలువ గట్టు మీద ఏరుకొస్తాడు. ఆ సంచి చప్పుడు వినగానే దొడ్లో మేకలన్నీ లేచి నిలబడతాయి.