గుంటూరా? గుంతకల్లా?



మా సంఘంలోని ఒక పెద్దమ్మకు రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరాయి. గుంటూరులో ఆపరేషను. కొడుకులిద్దరూ పని కోసం హైదరాబాదులో ఉన్నందువలన నన్ను తోడు రమ్మని అడిగింది. మా ఊరు గుంటూరు – గుంతకల్లు రైలు మార్గానికి దగ్గర. ఒకప్పుడు మీటరుగేజి బండ్లు నడిచిన ఆ మార్గం 1990లలో బ్రాడ్‌గేజిగా మారింది. ఆటోలో స్టేషనుకు చేరేసరికి ఇంకా పూర్తిగా తెల్లవారలేదు.

పాల క్యాన్లు, మిరపకాయల బస్తాలు, చంకలో పిల్లలతో తల్లులు. ఉన్న ఒక్క కిటికీ ముందు వరుస గుమ్మం దాటింది. ముందురోజే టికెట్టు తీసుకొని ఉండవలసిందని మీరనవచ్చు. కాని 199 కిలోమీటర్ల లోపు ప్రయాణానికి రిజర్వేషను లేని టికెట్టు ఆ రోజే కొనాలి.

కిటికీ ప్రక్కనే మనిషెత్తు యంత్రమొకటి ఖాళీగా నిలబడి ఉంది. దానినే ఏటీవీఎం అంటారు. ఎవరికి వారే తెరను తాకి టికెట్టు తీసుకోవచ్చు. నాలుగక్షరాలు చదువుకున్నవాడిని, చేతిలో సెల్‌ఫోను ఉన్నవాడిని, నాకు కష్టమేమిటనుకొని దాని ముందుకు వెళ్ళాను.

మొదట భాష అడిగింది. తరువాత ఏ ఊరు, ఏ దారి, మామూలు బండా, ఎక్స్‌ప్రెస్సా, పెద్దలెందరు, పిల్లలెందరు అని వరుసగా అడిగింది. ఊరి పేరులో మొదటి అక్షరాలు నొక్కగానే అటువంటి పేర్లన్నీ తెరపైకి వచ్చాయి. వెనుక ఇద్దరు ముగ్గురు వచ్చి నిలబడ్డారు. తొందరలో ఒక పేరు మీద వ్రేలు పెట్టాను. ఛార్జీ కనబడింది. పెద్దమ్మకు చదివి వినిపించాను.

“అంతెందుకవుతుంది అయ్యగారూ? గుంటూరేగా మనం పోయేది!” అన్నది.

అప్పుడు చూచుకున్నాను. నేను నొక్కింది గుంటూరు కాదు, గుంతకల్లు! ఒకటి తూర్పు కొస, మరొకటి పడమటి కొస. కళ్ళు కనబడని, అక్షరం రాని ఆమె, కళ్ళజోడు పెట్టుకున్న నా తప్పును పట్టుకున్నది. ఏడాదికొక్కసారే రైలెక్కినా ఛార్జీ ఆమెకు నోటికి వచ్చు.

మరల మొదలుపెట్టాను. ఈసారి డబ్బు దగ్గర ఆగింది. ఆ యంత్రం నోట్లు తీసుకోదు. స్మార్ట్ కార్డు ఉండాలి, లేదా తెరపై గళ్ళగళ్ళ గుర్తును ఫోనుతో చదివించి చెల్లించాలి. నా ఫోనుకు సిగ్నలు అందేలోగా తెర మొదటికి వెళ్ళిపోయింది. పెద్దమ్మ మాత్రం కొంగుముడి విప్పి నోట్లు పట్టుకొని నిలబడే ఉంది.

అప్పుడొక పెద్దాయన దగ్గరకు వచ్చారు. రిటైరైన రైల్వే ఉద్యోగి. ఇటువంటి యంత్రాల దగ్గర సహాయకులుగా అటువంటివారిని నియమిస్తారు. “ఎక్కడికండీ?” అన్నారు. “గుంటూరు” అన్నాను. తన కార్డు పెట్టి నాలుగుసార్లు తెర తాకి టికెట్లు చేతిలో పెట్టారు. పెద్దమ్మ నోట్లు ఆయనకిచ్చింది. అర నిమిషం పట్టలేదు.

బండిలో కూర్చున్నాక ఆ “ఎక్కడికండీ” అన్న మాటే నా మనస్సులో మెదిలింది. నా చిన్నతనంలో టికెట్టంటే చిన్న అట్టముక్క. 1830లలో ఇంగ్లండులో థామస్ ఎడ్మండ్‌సన్ అనే స్టేషను ఉద్యోగి ఆ పద్ధతి కనిపెట్టాడు. కిటికీలో చెయ్యి పెట్టి ఊరి పేరు చెప్తే చాలు, గుమాస్తా అట్ట తీసి, టక్కుమని తేదీ గుద్ది ఇచ్చేవాడు. మన దేశంలో 2002లో మామూలు టికెట్లకు కంప్యూటరు వచ్చాక కూడా మనం చెప్పవలసింది ఊరి పేరే. దారి, బండి రకం, స్టేషను పేరు వ్రాసే తీరు, అన్నీ గుమాస్తాకు తెలిసేవి. ఈ యంత్రం గుమాస్తాకు తెలిసినదంతా ప్రయాణికుడికీ తెలిసి ఉండాలంటున్నది. తేడా అంతా అక్కడే ఉంది.

యంత్రాన్ని నిందించడం నా ఉద్దేశం కాదు. ముంబయి లోకల్ రైళ్ళలో రోజూ తిరిగేవారికి అది వరుసను తప్పించింది. రోజూ వెళ్ళే చేతికి అది సులువే. ఏడాదికొకసారి వెళ్ళే చేతికే కష్టం. “గుంటూరు, అవునా కాదా?” అని పెద్ద అక్షరాలతో చూపి, తెలుగులో పలికి అడిగితే ఎంత బాగుండును!

అంతవరకు మనం గుర్తుంచుకోవలసినవి కొన్ని ఉన్నాయి. డబ్బు కట్టకముందే ఊరి పేరు, ఛార్జీ రెండూ పైకి చదవండి. ఎక్స్‌ప్రెస్ ఎక్కేవారు మామూలు బండి టికెట్టు తీసుకొంటే జరిమానా పడుతుంది. తెలియకపోతే అడగడానికి సిగ్గుపడవద్దు.

వినుకొండ, నరసరావుపేట దాటి గుంటూరు చేరాము. ఆపరేషను బాగా జరిగింది. తిరుగు ప్రయాణంలో నల్లద్దాలు పెట్టుకున్న పెద్దమ్మ టికెట్టు యంత్రం ముందు ఆగింది.

“అక్షరాలు కనబడుతున్నాయి అయ్యగారూ. చదవడమే రాదు. రేపు ఒక్కదాన్నే వస్తే ఎట్లా?”

నేను చదివాను, ఆమె నొక్కింది. మా ఊరి పేరు దగ్గర ఆమె వ్రేలు కాస్త వణికింది. టికెట్టు బయటికి రాగానే మడిచి కొంగున ముడి వేసుకొన్నది.

యౌవనస్థులారా, ఈసారి స్టేషనుకు వెళ్ళినప్పుడు మీ టికెట్టు తీసుకొని వెంటనే వెళ్ళిపోకండి. వెనుక ఎవరు నిలబడ్డారో చూడండి. “ఎక్కడికమ్మా?” అని అడగండి.