పేరు చెప్పని భామ

కూచిపూడి వాళ్ళ నృత్యనాటకం అంటే నాకు పిచ్చి. భీమవరమైనా రాజమండ్రైనా వెళ్ళాల్సిందే. "చూసిందే ఎన్నిసార్లు చూస్తావే?" అని మా అత్తయ్యగారు విసుక్కునేవారు.

కిందటి దసరాకి మా పెనుగొండలోనే భామాకలాపం వేస్తే ఆవిణ్ణీ బతిమాలి తీసుకెళ్ళాను. తెర మీదుగా సత్యభామ జడ పడగానే ఎప్పటిలాగే నాకు ఒళ్ళు ఝల్లుమంది. ఆ వేషం కట్టింది మగాయన అంటే ఆవిడ నమ్మలేదు. "వేదాంతం సత్యనారాయణ శర్మగారు భామ వేషానికే పేరు పడ్డారండీ. ఇది సిద్ధేంద్రయోగి నాటి నుంచీ వస్తున్నదే" అన్నాను.

మొగుడి పేరు చెప్పమని మాధవి అడిగింది. భామ సిగ్గుతో మెలికలు తిరుగుతోంది, ఆనవాళ్ళన్నీ చెబుతోంది, పేరు మాత్రం నోట రాదు. జనమంతా నవ్వులు. పక్కకి చూస్తే అత్తయ్యగారు చెంగుతో కళ్ళు ఒత్తుకుంటున్నారు.

ఇంటికొచ్చి గుమ్మంలో చెప్పులు విప్పుతూ, "మీ మావయ్యగారి పేరు నేనెప్పుడూ పలకలేదే. ఆయనుండగా ఒక్కసారి పిలిస్తే ఏమనేవారో" అన్నారు. ఆయన పోయి ఆరేళ్ళు.

"ఇప్పుడు పిలవండి" అన్నాను.

ఫోటో ముందు చాలాసేపు నిలబడ్డారు. పెదవులు కదిలాయి. ఏమన్నారో నాకు వినబడలేదు, నేనూ అడగలేదు.

మొన్న ఆవిడే అడిగారు, "మళ్ళీ భామాకలాపం ఎప్పుడేస్తారే?" అని.