పత్థర్‌గట్టీ కమానుల క్రింద

మా చేవెళ్ల, మొయినాబాద్ ప్రాంతముల వారికి పాతబస్తీ అనగా పెండ్లి బజారు. గాజులకు లాడ్ బజారు, బట్టలకు పత్థర్‌గట్టీ. మెహదీపట్నం మీదుగా బస్సులో పోయి, మూటలు కట్టుకొని తిరిగి వచ్చుటయే గాని, అంగళ్ల పైన తలయెత్తి చూచువారు మాలో అరుదు. మేమును చాలకాలము అట్లే తిరిగినాము.

1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా నాలుగు బాటలు కలియు చోట చార్మినారును నిర్మించినాడు. నగర రచనకు మీర్ మోమిన్ ఆస్తరాబాదీ మార్గదర్శి యని చరిత్రకారులు చెప్పుదురు. దానికి ఉత్తరమున నాలుగు దిక్కుల నాలుగు కమానులు, నడుమ గుల్జార్ హౌజ్. పడమటి కమాను రాజభవనములకు దారి. 1687లో మొగలులు గోల్కొండను గెలిచినారు. భవనములు క్రమముగా నశించినవి. ఇల్లు పోయి గడప మిగిలినట్లు కమాను నిలిచియున్నది. చార్మినారు పనితనమంతయు డంగుసున్నపు గచ్చులో ఉన్నది. రాతివలె కనబడును గాని అది రాయి కాదు. 2019 మే నెలలో ఒక మినారు నుండి ఆ గచ్చు పెళ్ల రాలిపడినది.

మా మనస్సును ఎక్కువగా పట్టినది మాత్రము పత్థర్‌గట్టీ. పేరులోని పత్థర్ ఉర్దూ; గట్టీ అన్నచో మా చెవికి తెలుగు గట్టు వినిపించును. భాషాశాస్త్రజ్ఞులు ఏమందురో గాని, రెండు భాషల కళాశాలలో చదువువారికి ఈ ఊహ తీపి. వరుసగా నల్లరాతి కమానులు, క్రింద అంగళ్లు, పైన నివాసములు, ఎండవానలకు తడవక నడచుటకు వసారా. ఇది నవాబుల విలాసము కాదు, వరద మిగిల్చిన గుణపాఠము.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకొన్నది. విశ్వేశ్వరయ్య గారి సలహాపై ఎగువన ఉస్మాన్ సాగర్ 1920లోను, హిమాయత్ సాగర్ 1927లోను పూర్తియైనవి. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి ఇరుకు వాడలు తీసి పత్థర్‌గట్టీ వంటి బజారులను కట్టించినది. ఆ నగరమును కాచు రెండు జలాశయములలో చేరునది మా పొలముల మీదుగా పారు వాననీరే. వానికై 1996లో 111వ ఉత్తరువు వచ్చి, మా మండలములతో సహా 84 గ్రామములలో కట్టడములకు హద్దులు పెట్టినది. బిడ్డ పెండ్లికి భూమి అమ్మబోయిన రైతుకు ధర పలుకలేదు. 2022లో సడలింపు ప్రకటించినారు. ఇక మా యిండ్లలో ఒకే తగవు: అన్న అమ్ముదమనును, తాత వలదనును. ఇరువురి మాటలోను న్యాయము కలదు.

2025 మే 18న గుల్జార్ హౌజ్ వద్ద ఒక పాత యింట నిప్పంటుకొని 17 మంది మరణించినారు. పాతదనమును కాపాడుమని మేము వ్రాయుచున్నాము గదా, ఆ యిరుకు మెట్లను కాపాడుమనగలమా? గోడను నిలుపవలె, లోపల మనుష్యులు బయటపడు దారియు వేయవలె. అదే యేడు సెప్టెంబరులో ఎగువ జలాశయముల గేట్లు ఎత్తగా మహాత్మాగాంధీ బస్సు స్టేషనులోనికి మూసీ వచ్చినది. ఆ రాత్రి మా ఊరిలో తాత వాన చప్పుడు వినుచు, "ఇది పట్నమునకే పోవును" అనినాడు.