కోర్‌డలేన్ నదీతీరము

అమెరికాలోని స్పొకేన్ నగరమున మా చెల్లెలు కాపురమున్నది. మొన్నటి వేసవిలో అచ్చటికి వెళ్లినప్పుడు, తూర్పున ఐడహో రాష్ట్రమందలి కోర్‌డలేన్ నదిని చూచి వచ్చితిమి. సోదరీమణులారా, అంత చక్కని లోయను మేమెన్నడును చూచి యెరుగము. నదికి ఇరుప్రక్కల చిన్న చిన్న సరస్సులు, వాని వెనుక పచ్చని కొండలు.

నది వెంట సుమారు 117 కిలోమీటర్ల బాట కలదు. పూర్వమది రైలుదారి. క్రింది విషపుమట్టి పైకి రాకుండ దానిపై తారు పరచిరి. బాట విడువవలదనియు, తినుటకు ముందు చేతులు కడుగుకొనవలెననియు పలకలపై వ్రాసియున్నది.

కారణము ఎగువనున్నది. పందొమ్మిదవ శతాబ్దపు చివరనుండి వెండి, సీసము, తుత్తునాగముల గనులు త్రవ్వి, ఆ వ్యర్థమును 1968 వరకు నదిలోనే వదలిరి. కెలాగ్ పట్టణపు సీసపు కొలిమిలో 1973లో నిప్పంటుకొని, పొగను వడగట్టు సాధనము పాడైనను కొలిమిని ఆపలేదు. మరుసటియేట పరీక్షింపగా చుట్టుపట్ల పిల్లల రక్తమున సీసము మిక్కుటముగా కానవచ్చెను. ఆ తల్లుల మాట తలచుకొన్న మాకు కడుపు తరుగుకొనిపోయినది. కొలిమి 1981లో మూతబడినను బురదలో సీసము నిలిచియే యున్నది. వలసవచ్చిన హంసలు ఆ బురదలోని దుంపలు తిని నేటికిని చనిపోవుచున్నవి.

అయినను ఆ సరస్సులలో నత్తలున్నవి! మన వరిచేల నత్తగుల్లలకంటె మిక్కిలి చిన్నవి. గుల్ల యెడమవైపునకు తిరిగియుండును. ఊపిరికై నీటిపైకి వచ్చును. వీనిని శుద్ధమైన సరస్సుల నత్తలతో పోల్చి చేసిన పరిశోధన యొకటి 2004లో ప్రకటింపబడినది. గనుల చోటి నత్తలు లోహములను పసిగట్టి తొలగిపోయెను. మంచినీటి నత్తలకు ఆ యెరుక లేకపోయెను. విచిత్రమేమనగా, విషపు సరస్సుల నత్తల పిల్లలకును ఆ గుణము సంక్రమించినది. ఇది యొక్క జన్మలో నేర్చిన తెలివి కాదు. తప్పుకొనలేనివి ఎన్ని తరములుగా నశించెనో! నత్తలన్నియు ఇంత అదృష్టము గలవి కావు. కాడ్మియము, తుత్తునాగము కలిసిన నీట నుంచిన వేరొక జాతి నత్తలు, తాము నేర్చినదానిని జ్ఞాపకముంచుకొనలేకపోయెనని మరియొక పరిశోధన తెలుపుచున్నది.

మేమీ సంగతులు చెప్పుకొనుచుండగా, చెల్లెలి నాలుగేండ్ల కుమారుడు గట్టున నత్తను చూచి బాట దిగబోయెను. మేము చేయి పట్టుకొంటిమి.

"పెద్దమ్మా, నత్త ఉందిగా! నేనెందుకు వెళ్లకూడదూ?"

మేము బదులు వెదకుకొనుచుండగనే చెల్లెలు సీసాలోని నీళ్లు వాని చేతులపై పోసి, సబ్బుతో రుద్ది, మరల పోసినది.