ఇంటిపేరు అడగని గది

పోయిన భాగంలో నాన్న తాగుడు గురించి రాశాను. నాది దాచాను.

ఏప్రిల్ 14న సభలో మాట్లాడినవాణ్ణి, రాత్రికి హాస్టల్ పిల్లలు మోసుకెళ్లి పడుకోబెట్టారు. తెల్లారి ఆల్కహాలిక్స్ అనానిమస్ వాళ్లకి ఫోన్ చేశాను. ఎత్తినాయన ఒక్కటే అడిగాడు: "ఏ ఏరియాలో ఉంటారన్నా?"

చర్చి వెనక గది. సాయంత్రం ఏడింటికి. రెండుసార్లు గేటు దాకా పోయి తిరిగొచ్చాను. "వాళ్లంతా తాగుబోతులేగా" అనే నోళ్లకు నేనే సాక్ష్యం అవుతానని భయం.

మూడోసారి లోపలికెళ్లాను. టీ ఇచ్చారు. ఫీజు లేదు, సంతకం లేదు. పేరు చెప్తే చాలు. ఇంటిపేరు, ఊరు, "మీరేమిట్లు" ఏదీ అడగలేదు. ఇల్లు అద్దెకు వెతికినోళ్లకి తెలుస్తుంది అదెంత పెద్ద సంగతో. 1935లో అమెరికాలో ఒక షేర్ బ్రోకరు, ఒక డాక్టరు, ఇద్దరూ తాగుబోతులే, మొదలుపెట్టిన పద్ధతి ఇది. మధ్యలో దేవుడి మాట వస్తుంది. అక్కడ నేను నోరు మూసుకుంటా, ఎవరూ ఏమనరు.

దూబగుంట మీద ఎన్ని క్లాసులు చెప్పానో! 1992లో ఆ ఆడోళ్లు సారా మీద తిరగబడింది నాలాంటి మొగుళ్లతో పడలేకేనని, నా భార్య ముందు ఎన్నడూ ఒప్పుకోలేదు. మొన్న ఆ గదిలో ఒప్పుకున్నాను. ఇంట్లో ఇంకా చెప్పాలి.

రేపు మళ్లీ ఏడింటికి. తమ్ముళ్లూ, ఎవరికైనా రావాలనుంటే ఇన్‌బాక్స్‌లో చెప్పండి. గేటు దాకా కాదు, లోపలి దాకా తోడొస్తా.

జై భీమ్.