జగ్గన్నతోటలో మా మామ్మ

గోదావరీనది ధవళేశ్వరము దాటిన పిమ్మట పాయలుగా చీలి సముద్రమును చేరుచున్నది. తూర్పున గౌతమి, పడమట వసిష్ఠ. ఈ రెంటి నడుమ, దక్షిణమున సముద్రమే హద్దుగా నున్న పచ్చని నేలను కోనసీమ యందురు. ఆర్థర్ కాటనుదొర పర్యవేక్షణమున 1847లో మొదలై 1852లో ముగిసిన ఆనకట్టనుండి బయలుదేరిన కాలువలు ఈ సీమ నంతటిని అల్లుకొన్నవి. రాజమహేంద్రవరమునుండి వచ్చువారు గౌతమిని దాటి, రావులపాలెము, కొత్తపేటల మీదుగా, కొబ్బరి వర్తకమునకు పేరొందిన అంబాజీపేటను చేరవచ్చును. దారి పొడవునను కొబ్బరితోటలు, వరిచేలు. సోదరీమణులారా! ఈ దారిని మీరెప్పుడైనను పోదలచినచో సంక్రాంతి మరునాడు, అనగా కనుమనాడు, పొండు. ఆనాడు మొసలపల్లి యొద్ద జగ్గన్నతోటలో ప్రభలతీర్థము జరుగును. నేనీ సంవత్సరము పోయి వచ్చితిని. మా మామ్మ గతించిన పిమ్మట వచ్చిన మొదటి కనుమ అది.

ఈ తోటలో గుడి లేదు, గోపురము లేదు, ధ్వజస్తంభమైనను లేదు. కొబ్బరిచెట్ల నీడయే మంటపము. వ్యాఘ్రేశ్వరము, పుల్లేటికుర్రు, మొసలపల్లి, గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారము, పెదపూడి, ఇరుసుమండ, వక్కలంక, నేదునూరు, ముక్కామల, పాలగుమ్మి అను పదునొకండు గ్రామములనుండి శివుడు పదునొక రూపములతో ఇచ్చటికి వేంచేయును. వీరినే ఏకాదశరుద్రు లందురు. వెదురుతో ఎత్తైన చట్రము కట్టి, రంగురంగుల క్రొత్తబట్టలు చుట్టి, పూలదండలును గంటలును వ్రేలాడదీసి, నడుమ దేవుని నిలిపినచో అది ప్రభ యగును. మగవారు గుంపుగా దానిని భుజములపై నెత్తుకొని, "ఆశ్శరభ శరభ" యని కేకలు వేయుచు చేలకడ్డముగా నడచి వత్తురు. చేను త్రొక్కబడినదని రైతు విచారింపడు. దేవుడు తన పొలమున నడచినాడని సంతసించును. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారముల ప్రభలకు ఎగువకౌశిక యను కాలువ అడ్డము. మోయువారు నీటిలోనికి దిగి, ప్రభ యొరుగకుండ ఆవలి గట్టు చేర్చుదురు. ఆ దృశ్యమును చూచుటకే వేలకొలది జనము గట్లపై నిలుతురు. వ్యాఘ్రేశ్వరుని ప్రభ తోటలో ప్రవేశింపగానే, అంతకుముందే వచ్చియున్న ప్రభలను ఒక్కమారు పైకెత్తుదురు. పెద్దలు వచ్చినప్పుడు పిన్నలు లేచి నిలుచుట వంటి మర్యాద యది. 2023వ సంవత్సరమున గణతంత్రదినోత్సవమునందు ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటముగా నడచినది ఈ ప్రభలతీర్థమే.

మా మామ్మకు ఈ తీర్థమన్న ప్రాణము. తీర్థమే యననేల, నవ్వు పుట్టించు పని యేదైనను ఆమెకు ప్రాణమే. క్రొత్త అల్లుడు పండుగకు వచ్చినచో గారెలలో నొకదాన దూది యుంచి వడ్డించెడిది. ఆతడు దానిని పండ్లతో లాగుచుండగా మేము తలుపుచాటున నోళ్లు మూసికొని నవ్వెడివారము. వామనగుంట లాడునప్పుడు చింతగింజలు కొంగున దాచి, పట్టుబడినచో "ముసలిదానికి లెక్క తప్పినదే తల్లీ" యని మొగము చిన్నబుచ్చుకొనెడిది. మనుమలకును మనుమరాండ్రకును తలకొక మారుపేరు పెట్టినది. నా పేరు కందిరీగ.

ఇట్టి యామె సుఖముననే పెరిగినదని తలంపకుడు. ముప్పది యేండ్లు నిండకమునుపే భర్తను గోల్పోయి, ముగ్గురు మగపిల్లలను చిన్న కొబ్బరితోట ఆధారముగా పెంచి పెద్దచేసినది. కాయలు దింపించుట, లెక్క చూచుట, వర్తకునితో బేరమాడుట, శిస్తు కట్టుట, అన్నియు తానే. భర్త పోయిన మూడవ యేట ఆమె పిల్లలను వెంటబెట్టుకొని తీర్థమునకు బయలుదేరగా ఇరుగుపొరుగువారు ముక్కున వ్రేలు వేసికొనిరట. ఒక పెద్దముత్తైదువ అడ్డగించి, "కనుమనాడు కాకియైనను కదలదు, నీవెక్కడికే?" యని అడిగెనట. "కాకి కదలదు, నిజమే పిన్నిగారూ. నేను కాకిని కాను గదా!" యని మామ్మ బదులు చెప్పెనట. ఆవిడ నవ్వాపుకొనలేక దారి యిచ్చి, మరుసటి యేట తానును వెంట వచ్చెనట.

ఇన్ని తీర్థములుండగా నీకీ తోటపై ఇంత మక్కువ యేల యని నేనొకనాడు అడిగితిని. "ఇక్కడ గుడి లేదు గదే, కందిరీగా! గుడి లేదు గనుక వాకిలి లేదు. వాకిలి లేదు గనుక, నీవు లోపలికి రావలదని చెప్పుటకు ఎవరికిని నిలుచుండ చోటు లేదు" అని నవ్వినది. ఆ నవ్వు వెనుక నెన్ని వాకిండ్లున్నవో నాకప్పుడు తెలియలేదు.

నాకు పదియేండ్ల వయస్సున మా పెదనాన్నగారికిని చిన్నాన్నగారికిని తోటగట్టు విషయమై తగవు వచ్చి, రెండేండ్లు మాటలు లేవు. పెద్దమనుష్యులు చెప్పిచూచిరి, ఫలము లేకపోయెను. మామ్మ ఒక్కమాటయు ననలేదు. ఆ కనుమనాడు ఇరువురికిని వేరువేరుగా, "తోటలో కాలు బెణికి కూర్చుంటిని, వచ్చి తీసికొనిపో" యని కబురంపినది. ఇద్దరును పరుగున వచ్చి చూతురు గదా, ఆమె కొబ్బరిచెట్టు క్రింద కాళ్లు చాచుకొని జీళ్లు తినుచున్నది. ఏ కాలని యడిగిరి. "ఒకటి నీవు, ఒకటి వాడు. ఏది నొచ్చినను నేను నడవలేను" అని జీళ్లపొట్లమును ఇద్దరి నడుమ పెట్టినది. మరి నేనో యని మా నాయనగారు అడుగగా, "నీవు చేతికఱ్ఱవు లేరా" యన్నది. క్షమాపణలు లేవు, రాయబారములు లేవు. చీకటిపడువేళకు అన్నదమ్ములు చెరియొక ప్రక్క పట్టుకొని ఆమెను ఇంటికి తెచ్చిరి. నొప్పి లేని కాలితో ఆమె దారి పొడవునను కుంటుచునే నడచినది.

సోదరీమణులారా! ఇంటి పెద్దావిడ నవ్వించునప్పుడు మనము నవ్వి ఊరకుందుము. ఆ నవ్వునకు ఆమె ఎంత ముందుగా ఏర్పాటు చేసినదో, ఎవరిని ఎవరి ప్రక్కన కూర్చుండబెట్టినదో గమనింపము. కొబ్బరిచెట్లకు నీరు పెట్టుట యెట్లో, మా మామ్మకు సరదా యట్టి నిత్యకృత్యము. మీ యిండ్లలో ఇట్టి పెద్దలున్నచో వారు పిలిచినప్పుడు తీరిక లేదనక వెంట పొండు.

ఆమె పోయిన పిమ్మట మా పెంకుటిల్లు మూడు వాటాలైనది. ఇకమీదట పండుగకు ఎవరి యింట చేరవలెనను ప్రశ్న వచ్చినప్పుడు ఎవ్వరును బదులు చెప్పలేదు. ఈ కనుమకు ఎవరికి వారుగా బయలుదేరితిమి; అయినను మధ్యాహ్నమునకు తొమ్మిదిమందిమి ఆ చెట్టు క్రిందనే కలిసికొంటిమి. పదునొకరు రుద్రులకును ఎవరి గుడి వారికున్నది. అయినను ఏటి కొక్కదినము గుళ్లు విడిచి, గుడి లేని తోటలో కలియుచున్నారు. మాకును ఇల్లు లేకపోయిన నేమి? వ్యాఘ్రేశ్వరుని ప్రభ వచ్చుచుండగా పెదనాన్నగారు చేతికఱ్ఱ ఊతగా లేచి నిలిచిరి. చిన్నాన్నగారు జీళ్లపొట్లము కొనితెచ్చి నడుమ నుంచిరి. వచ్చు కనుమకును తోటలోనే కలియుదమని, పులిహోర మా వంతు, గారెలు వారి వంతు అని పంచుకొంటిమి. ఏ గారెలో దూది పెట్టవలెనో, ఎవరు పెట్టవలెనో, ఆ తగవొక్కటియే ఇంకను తేలలేదు.