నూటయాభై దినార్లూ.. మా పిన్నీ

మా ఆఫీసులో ఓ కుర్రాడికి కువైట్ ప్రాజెక్టు తగిలింది. నేను అక్కడ కొన్నాళ్ళు వెలగబెట్టి వచ్చానని ఎవరో చెప్పినట్టున్నారు, లంచ్ టైములో వచ్చి పక్కన కూర్చున్నాడు. "అన్నా, అక్కడ నెలకి ఎంతలో బతికెయ్యొచ్చు?" అన్నాడు. ఆ 'బతికెయ్యొచ్చు' అన్న మాట నాకు భలే నచ్చింది. ఎంత కావాలి అని కాదు, ఎంత తక్కువలో లాగించెయ్యొచ్చు అని. ఫ్లైటెక్కే ముందు మనవాళ్ళెవరైనా అడిగే మొదటి ప్రశ్న అదే. 2008లో నేనూ అదే అడిగాను.

దీనికి నా దగ్గర జవాబు తయారుగా ఉంది. అదో ఎక్సెల్ ఫైలు. పనిలేని సాఫ్ట్‌వేరు వాడు ఏం చేస్తాడు, ఎక్సెల్ షీట్లు చేసుకుంటాడు :) అక్కడున్న ఎనిమిది నెలలూ పైసా పైసా.. కాదు కాదు, ఫిల్సు ఫిల్సు లెక్క రాసుకున్నాను. (దినారుకి వెయ్యి ఫిల్సులు. రూపాయికి వంద పైసలు అలవాటైన బుర్రకి ఈ వెయ్యి లెక్క ఎక్కడానికి వారం పట్టింది.) అప్పట్లో దినారంటే నూటయాభై రూపాయల పైచిలుకు. ఈమధ్య 280 దాటింది.

ఆ షీటు ప్రకారం నా సంసారం ఇదీ. కంపెనీ ఇచ్చే అలవెన్సు 350 దినార్లు. సాల్మియాలో రెండు బెడ్రూముల ఫ్లాటులో నలుగురం, నా వాటా అద్దె 70. కరెంటూ నీళ్ళూ అందులోనే. తిండికి 40. బస్సులకీ టాక్సీలకీ 15. ఫోనుకి 10. సరదాలకి 15. మొత్తం 150. అంటే నెలకి 200 మిగులు. మా నలుగురిలో రికార్డు నాదే.

ఆ రికార్డు వెనక చాలా పరిశోధన ఉందండోయ్. వేడివేడి ఇరానీ ఖుబ్జ్ రొట్టె ఒక్కోటి 20 ఫిల్సులే, రెండు రొట్టెలూ కాస్త పప్పూ ఉంటే రాత్రి భోజనం అయిపోయినట్టే. ఎండాకాలం మేడమీద ట్యాంకులో నీళ్ళు సలసలా కాగిపోతాయి, చల్లనీళ్ళ పంపు తిప్పినా ఒళ్ళు కాలుతుంది. అందుకని గీజరు ఆపేసి, అందులో నిలవ ఉన్న నీళ్ళని చల్లనీళ్ళుగా వాడుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యం, టీ తాగిన ప్రతిసారీ దాన్ని రూపాయల్లోకి మార్చి గుండె బాదుకోవడం మానెయ్యాలి. ఆ జబ్బు కొత్తగా వెళ్ళిన ప్రతివాడికీ ఉంటుంది, మొదటి రెండు నెలల్లో తగ్గకపోతే మనిషి చిక్కిపోతాడు.

ఇవన్నీ ఆ కుర్రాడికి చెప్పి, ఫైలు పంపిద్దామని ఇంటికొచ్చి తెరిచాను. అందులో రెండో షీటు కూడా ఉందన్న సంగతి మర్చిపోయాను. దాని పేరు 'పిన్ని'.

మాది రాజోలు వైపు. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కితే అవతల నర్సాపురం. మా వైపు నుంచి ఆడవాళ్ళు కువైట్, దుబాయ్, మస్కట్ ఇళ్ళపనికి వెళ్ళడం కొత్తేం కాదు. కువైట్లో ఇంటిపని చేసే ఆడవాళ్ళని ఖద్దామా అంటారు. మా పిన్ని 1999లో ఆ వీసా మీదే వెళ్ళింది. నేను ఇంజినీరుగా కువైట్లో దిగేనాటికి ఆవిడ అక్కడ తొమ్మిదేళ్ళ సీనియరు. ఆవిడుండే ఇల్లు జాబ్రియాలో. మా ఫ్లాటుకి ఆరేడు కిలోమీటర్లు. అయినా ఎప్పుడు పడితే అప్పుడు వెళ్ళి కలవడానికి కుదిరేది కాదు. తొమ్మిదేళ్ళ నమ్మకం మీద సేటు నెలకి రెండు శుక్రవారాలు బయటికి పంపేవాడు. అలాంటి శుక్రవారాల్లో మాలియాలో కలిసేవాళ్ళం. శుక్రవారం మాలియా అంటే మన సంత లాగే ఉంటుంది. ఎటు చూసినా మన మాటలే వినిపిస్తాయి. కడప యాస ఓ పక్క, మన గోదారి యాస ఓ పక్క.

ఓ శుక్రవారం నా బడ్జెట్ రికార్డు గురించి గొప్పగా చెప్పాను. అంతా విని, "ఒరే అబ్బాయ్, కంప్యూటర్లో లెక్కలు రాత్తావంట గదా, నాయి కూడా ఓపాలి రాయకూడదేంటి" అంది. ఆఫీసు లాప్‌టాప్ చేతిలోనే ఉంది. ఓ టీ కొట్టు మూల కూర్చుని మొదలుపెట్టాం.

జీతం 50 దినార్లు. అద్దె సున్నా. తిండి సున్నా. ఊరికి ఫోను కార్డులు 3. సబ్బులు, కొబ్బరినూనె, మోకాళ్ళ నొప్పుల మాత్రలు 2. శుక్రవారం బస్సు, టీ, చర్చిలో కానుక 2. అంతే. ఏడు దినార్లతో నెల గడిచిపోతోంది. మిగతా 43 ఇంటికి. నేను మిగిల్చేది నూటికి 57, ఆవిడ మిగిల్చేది నూటికి 86. "పిన్నీ, నా రికార్డు పోయింది" అన్నాను నవ్వుతూ. ఆవిడా నవ్వింది. "ఖర్చు పెట్టుకోడానికి గుమ్మం దాటనిత్తే గదరా" అంది.

ఇక్కడ కొంచెం ఆగాలి. తక్కువ ఖర్చులో బతకడం అన్న మాటకి రెండు అర్థాలున్నాయని నాకు అప్పుడే తెలిసింది. నేను రొట్టె తిన్నానంటే అన్నం మానేసి తిన్నాను. బస్సెక్కానంటే టాక్సీ వదులుకుని ఎక్కాను. అది పొదుపు. ఆవిడ షీటులో సున్నాలన్నీ వేరేవాళ్ళు వేసినవి. అద్దె సున్నా ఎందుకంటే పడుకునేది పనిచేసే ఇంట్లోనే, రాత్రి పన్నెండుకి పిలిచినా లేవాలి. తిండి సున్నా ఎందుకంటే వాళ్ళు పెట్టిందే తినాలి. మా షీట్లలో తేడా అంకెల్లో కనపడదు. ఎక్సెల్లో సున్నాకి రంగూ రుచీ ఉండవు మరి.

సరే, విషయానికొస్తే, పాత లెక్కలు కూడా రాయమంది. పుస్తకం లేదు, కాగితం లేదు. తొమ్మిదేళ్ళ లెక్క నోటితో చెప్తుంటే నేను కొట్టుకుంటూ పోయాను. 1999లో జీతం 35 దినార్లు, అంటే అప్పటి లెక్కలో అయిదువేలకి కాస్త తక్కువ. ఏజెంటుకి కట్టడానికి తెచ్చిన 45 వేలకి నూటికి మూడు రూపాయల వడ్డీ. నెలకి 1350. జీతంలో నాలుగో వంతు పైగా వడ్డీకే పోయేది. ఆ అప్పు తీరేదాకా ఆవిడ చేసిన చాకిరీలో పావలా వంతు మా ఊరి వడ్డీ వ్యాపారి కోసం చేసింది.

మొదటి వరసలో మాత్రం ప్రతి నెలా ఒక పద్దు చెప్పేది. 'తిరుగుడు డబ్బులు'. రెండు దినార్లు, మూడు దినార్లు. మాలియాలో మా ఊరావిడ ఒకామె దగ్గర దాచేదట. ఏంటిది అని అడిగితే అమ్మమ్మ మాట అంది.

అమ్మమ్మ వాళ్ళ నాన్న రంగం వెళ్ళినవాడు. ఇప్పటి పిల్లలకి తెలీదేమో, మనవాళ్ళకి రంగం అంటే రంగూన్. గల్ఫ్ కన్నా ముందు మన డెల్టాకి అదే పరదేశం. కాకినాడ రేవులో స్టీమరెక్కి వెళ్ళి, అక్కడ ఓడల్లో మూటలు మోశారు, బియ్యం మిల్లుల్లో చేశారు, రిక్షాలు లాగారు. మన కోరంగి రేవు పేరుతోనే అక్కడ తెలుగువాళ్ళని కొరంగీలు అనేవారు. 1930 మేలో రేవు కూలీల సమ్మె తర్వాత కొరంగీల మీద దాడులు జరిగి చాలామంది చచ్చిపోయారు. 1941 డిసెంబరులో జపాన్ బాంబులు పడ్డాయి, 1942 మార్చిలో రంగూన్ పడిపోయింది. ఓడ టిక్కెట్టు సంపాదించుకోగలిగినవాళ్ళు సముద్రం మీద వచ్చేశారు. లక్షలమంది మాత్రం అరకాన్ కొండల మీదుగానో, మణిపూర్ అడవుల్లోంచో నడిచొచ్చారు. దార్లో పోయినవాళ్ళు వేలల్లో ఉన్నారు. మా ముత్తాత నడిచొచ్చినవాడే. ఆయన కూతురు కాబట్టి అమ్మమ్మ, పిన్ని నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కే రోజున ఒకటే చెప్పిందట.. "ముందు తిరుగు చార్జీ కొంగున కట్టుకో, ఆనక ఎవరికైనా పంపు" అని.

1990 ఆగస్టులో ఇరాక్ కువైట్ని ఆక్రమించినప్పుడు మన ప్రభుత్వం అమ్మాన్ నుంచి విమానాల మీద దాదాపు 1,70,000 మందిని ఉచితంగా తెచ్చింది. కానీ యుద్ధమొస్తే విమానం పంపుతారు గానీ, అమ్మకి బాగోలేదంటే ఎవరు పంపుతారు?

షీటులో 2002 ఆగస్టుకి వచ్చేసరికి ఆ మొదటి వరసలో 110 దినార్లు పోగయ్యాయి. తర్వాతి నెలలో సున్నా. నేను తప్పు కొట్టాననుకుని, "ఇదేంటి పిన్నీ?" అన్నాను.

"నీ మూడో ఏడు ఫీజు గదరా" అంది.

పిన్ని డబ్బు పంపిందని నాకు తెలుసు. 22 వేలు. నాన్న వెళ్ళి కాలేజీలో కట్టొచ్చాడు. అది ఏ మూటలోంచి వచ్చిందో మాత్రం తెలీదు. ఆ 110కి ఆ నెల జీతంలో 28 కలిపి పంపిందట. అప్పటి రేటు 160 వేసి చూశాను, సరిగ్గా సరిపోయింది.

2003 సంక్రాంతికి వారం ముందు అమ్మమ్మ పోయింది. పిన్ని రాలేదు. "సేటు సెలవివ్వలేదంట" అని ఇంట్లో అందరూ ఆ ముక్కూమొహం తెలీని సేటుని తిట్టుకున్నారు. నేనైతే గట్టిగానే తిట్టాను.

"సెలవిచ్చాడ్రా పాపం" అంది పిన్ని, టీ కప్పు వైపు చూస్తూ. "రెండేళ్ళు నిండితే టిక్కెట్టు ఆళ్ళే కొంటారు. మజ్జిలో ఎల్లాలంటే మన డబ్బే. అప్పటికి నా కాడ లేవు. ఆ మాటే ఇంట్లో చెబితే ఏమైనాయంటారు గదా.."

నేను అయిదు నిమిషాలు ఏమీ కొట్టలేదు. తర్వాత ఫైలు సేవ్ చేశాను. ఆ సాయంత్రమే ఏటీఎంకి వెళ్ళి 138 దినార్లు తెచ్చి ఇచ్చాను. వద్దంటుందనీ, సినిమాలో లాగా కాసేపు బతిమాలాలనీ అనుకున్నాను. ఆవిడ మాత్రం శుభ్రంగా లెక్కపెట్టుకుని, "ఇప్పుడు ఆ పై గడిలో రాయి" అంది. అంతే. 2011లో వచ్చేసింది, సొంత డబ్బుతో, రెండేళ్ళ గడువు కోసం ఆగకుండా.

"పచ్చటి కోనసీమ వదిలి ఎందుకు పోతారు?" అని నన్ను చాలామంది అడిగారు. ధవళేశ్వరం ఆనకట్ట 1852కే పూర్తయింది, మూడు పంటలు పండే నేలుంది, నిజమే. కానీ కొబ్బరితోట ఎవరి పేరు మీదుందో చూడాలిగా. భూమి లేని ఇంటికి ఆ పచ్చదనంలో వచ్చేది నాట్లప్పుడు కొన్ని రోజుల కూలీ, కోతలప్పుడు కొన్ని రోజుల కూలీ. కోతమిషన్లు వచ్చాక అందులోనూ సగం పోయింది. చేలు చేపల చెరువులూ రొయ్యల చెరువులూ అయిన చోట నాట్లే లేవు. 2011 ఖరీఫ్‌లో గిట్టుబాటు కాక కోనసీమ రైతులే క్రాప్ హాలిడే ప్రకటించారు. రైతు పంట మానేస్తే వార్త అయింది, ఆ చేలో కూలి పోయినావిడ ఏం చేసిందో ఏ పేపరూ రాయలేదు. పాస్‌పోర్టుకి అప్లై చేసుంటుంది.

ఇప్పుడు కాస్త మారింది. కువైట్ 2015లో 68వ నంబరు చట్టం చేసి ఇంటిపనివాళ్ళకి వారానికో రోజు సెలవు, ఏడాదికి నెలరోజులు జీతంతో సెలవు, రోజుకి పన్నెండు గంటలకి మించని పని అంది. 2016లో కనీస జీతం 60 దినార్లు చేసింది. మన ప్రభుత్వం కూడా ఈసీఆర్ పాస్‌పోర్టు మీద 30 ఏళ్ళు నిండని ఆడవాళ్ళని ఇంటిపనికి పంపకూడదంటుంది. మంచివే. కానీ ఇల్లు ఫ్యాక్టరీ కాదు, లోపల ఎన్ని గంటలు చేయిస్తున్నారో ఇన్‌స్పెక్టరు వచ్చి చూడడు. పారిపోయి కాగితాలు లేకుండా ఉండిపోయినవాళ్ళకి 2018లో క్షమాభిక్ష ఇచ్చారు. జరిమానా రద్దయింది గానీ టిక్కెట్టు ఖర్చు కువైట్ ప్రభుత్వం పెట్టుకోలేదు. 2020లో మాత్రం విమానం ఖర్చు కువైట్ ప్రభుత్వమే పెట్టుకుంది. ఎటు తిరిగినా కథ టిక్కెట్టు దగ్గరికే వస్తుంది.

ఇంతకీ మా కుర్రాడికి మొదటి షీటే పంపాను. రెండోది నా సొంతం కాదు కాబట్టి తీసేశాను. అయితే అద్దెకన్నా పైన ఒక వరస కొత్తగా చేర్చాను, పేరు 'తిరుగుడు డబ్బులు'. వాడు వెంటనే ఫోన్ చేశాడు. "అన్నా, రిటర్న్ టిక్కెట్టు కంపెనీయే ఇస్తుంది కదా, ఇదెందుకు?"

కంపెనీ ఇచ్చేది కంపెనీకి నీ పని అయిపోయినప్పుడు, ఇది నీకు పని పడినప్పుడు అన్నాను. అర్థమయిందో లేదో తెలీదు. "అయితే నూటయాభైలో అవ్వదన్నమాట" అన్నాడు.

అవ్వదు. నాకూ అవ్వలేదు, లెక్కలో తేలడానికి ఆరేళ్ళు పట్టిందంతే.